టోక్యోలో ఉకియో-ఎ: ఎక్కడ చూడాలి, ఎక్కడ దిగాలి, ఏది కొనాలి

జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ ‘పెద్ద అల’ను కళ్లారా చూడాలని టోక్యో వెళ్లేవాళ్లు విమానం టికెట్టు కంటే ముందు మ్యూజియంల ప్రదర్శన తేదీలు చూసుకోవాలి. ఉకియో-ఎ అనే ఈ చెక్క అచ్చు చిత్రాల అసలు ప్రతులు ఏడాది పొడవునా గోడమీద ఉండవు. ప్రష్యన్ నీలం తట్టుకుంటుంది గానీ కుసుమపువ్వు ఎరుపు, ట్సుయుకుసా పువ్వు నీలం వెలుతురుకి వెలిసిపోతాయి. అందుకే మసక వెలుతురులో కొన్ని వారాలు పెట్టి మళ్లీ లోపల దాచేస్తారు.

అచ్చు పనితనం చూడాలంటే హరజుకులోని ఓతా మ్యూజియమే మేలు. హాలు చిన్నదే, కానీ చిత్రానికి బాగా దగ్గరగా నిలబడొచ్చు. నుదుటి దగ్గర వెంట్రుకలను చెక్కినవాడు ఎంత సన్నగా తీశాడో తెలుస్తుంది. పక్కకు వంగి చూడండి: రంగు లేకుండా ఒత్తిడితోనే తేల్చిన ‘కరజురి’ గీతలు ఎదురుగా నిలబడితే కనపడవు. సోమవారం సెలవు. ఒక ప్రదర్శనకీ మరోదానికీ నడుమ కొన్ని రోజులు పూర్తిగా మూసేస్తారు. చాలామంది తలుపుదాకా వెళ్లి వెనక్కి వచ్చేది ఈ రోజుల్లోనే.

ర్యోగోకులోని సుమిదా హొకుసాయ్ మ్యూజియం 2016లో తెరిచారు. హొకుసాయ్ పుట్టింది ఆ చుట్టుపక్కలే. శాశ్వత ప్రదర్శనలో ఉన్నవి నకళ్లు. అసలువి కావాలంటే ప్రత్యేక ప్రదర్శన టికెట్టు తీసుకోవాలి. అయినా ముసలి హొకుసాయ్ దుప్పటి కప్పుకుని నేలమీద బొమ్మ వేస్తుంటే కూతురు ఓయి పక్కన కూర్చున్న గది నమూనా కోసం వెళ్లాల్సిందే. అద్దె ఇంటి ఇరుకు అందులో ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది.

ఒక్కపూటే ఉంటే మాత్రం ఉయెనోలోని జాతీయ మ్యూజియానికి వెళ్లండి. హొంకాన్ (ప్రధాన భవనం) రెండో అంతస్తు, 10వ గది. అసలు అచ్చులు మార్చి మార్చి పెడతారు. వాటితోపాటే ఆ అచ్చులు వెలువడిన ఎడో కాలపు కిమోనోలు, దువ్వెనలు, జడపిన్నులు ఉంటాయి. బొమ్మలోని అమ్మాయి కట్టుకున్నలాంటి బట్ట అదే గదిలో ఎదురుగా చూడటం మరెక్కడా ఇంత తేలిక కాదు.

బసకు అసాకుసా కంటే ర్యోగోకు నయం. జనం తక్కువ, జేఆర్ సోబు రైలు లైనులో కామెయిదో రెండో స్టేషనే. మరో ఉకియో-ఎ చిత్రకారుడు హిరోషిగె 1856లో వేసిన కామెయిదో తెంజిన్ గుడి వంపు వంతెన స్థానంలో తర్వాత కట్టినదాన్ని అక్కడ ఇప్పుడూ ఎక్కొచ్చు. విస్టీరియా పూలు ఏప్రిల్ చివర్లో. బిజినెస్ హోటల్ గదులు ఇరుకు, రెండు పెద్ద సూట్‌కేసులు ఒకేసారి తెరవలేం. జనవరి, మే, సెప్టెంబరు సుమో పోటీల పదిహేను రోజులూ గదులు దొరకడం కష్టం.

కొనేందుకు జింబోచో పాత పుస్తకాల వీధి. అడగాల్సింది మొదట ఇది: పాత చెక్కలతో ఆ కాలంలోనే తీసిందా, అవే చెక్కలతో తర్వాత తీసిందా, కొత్తగా చెక్కి తీసిందా? ధర దీన్నిబట్టే. వెనక్కి తిప్పి చూపమనండి. చేత్తో అద్దినదైతే రంగు కాగితంలోకి ఇంకి, బారెన్ (కాగితం వెనక రుద్దే గుండ్రటి పనిముట్టు) రుద్దిన జాడలు ఉంటాయి. భూతద్దంలో చుక్కలు కనిపిస్తే అది యంత్రపు ముద్రణ. అంచులు కత్తిరించారా, వెనక వేరే కాగితం అతికించారా అనీ చూడండి. కొత్తగా చేత్తో తీసినవి చాలనుకుంటే మెజిరోలోని అదాచి సంస్థ ఉంది.

అచ్చుల్లో ఎక్కువగా కనిపించే ఓబాన్ సైజు కొలత సుమారు 39 × 26 సెం.మీ. చుట్టవద్దు, మడతపడితే పోదు. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి చేతిసంచిలోనే తెచ్చుకోండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్లలో బయటి గోడకు తగిలించవద్దు. వానాకాలంలో బూజు పడుతుంది.