సురక్ష క్లినిక్: స్వల్ప లక్షణాలున్నవారికి ఎంతవరకు ఉపయోగం?

జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యక్రమంలో భాగంగా ప్రభుత్వాసుపత్రుల్లో నడిచే సురక్ష క్లినిక్‌లలో సుఖవ్యాధులకు సలహా, చికిత్స ఉచితంగా లభిస్తాయి. నేను వెళ్ళినచోట కౌన్సెలర్ గది తలుపు వేసి, ఎక్కడా చులకన చేయకుండా వివరాలు అడిగిన తీరు ఎంతో ఊరటనిచ్చింది.

అయితే ఇక్కడి చికిత్స ప్రధానంగా లక్షణాల ఆధారంగా సాగుతుంది. మూత్రనాళం నుంచి స్రావం కనిపిస్తే అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు ఉన్న బూడిదరంగు కిట్ ఇస్తారు. గనేరియా, క్లమీడియా అనే సుఖవ్యాధులను దృష్టిలో ఉంచుకొని కూర్చిన ఈ మందులు, అంతగా పేరు వినిపించని మైకోప్లాస్మా జెనిటేలియం అనే బ్యాక్టీరియా విషయంలో చాలకపోవచ్చు. సెఫిక్సిమ్ దెబ్బతీసేది బ్యాక్టీరియా కణకవచాన్ని (కణం చుట్టూ ఉండే గోడను); ఆ కవచమే లేని ఈ సూక్ష్మజీవిపై అది పనిచేయదు. అజిత్రోమైసిన్‌కు కూడా ఇది చాలాచోట్ల లొంగడం లేదు. పైగా ప్రయోగశాలలో అతి నెమ్మదిగా పెరుగుతుంది కనుక, మామూలు కల్చర్‌లో (నమూనాలోని సూక్ష్మజీవులను పెంచి చూసే పరీక్షలో) ఏమీ రానంత మాత్రాన అది లేదని చెప్పలేము. నిర్ధారణకు సూక్ష్మజీవి జన్యుపదార్థాన్ని గుర్తించే పీసీఆర్ తరహా పరీక్షే కావాలి.

అందువల్ల మందులు వాడాక కూడా మూత్రంలో కొద్దిపాటి మంట మిగిలితే, అదే తగ్గిపోతుందిలే అని ఊరుకోకుండా మళ్ళీ వెళ్ళి, ఆ పరీక్షకు ఎక్కడికి పంపగలరో అడగాలి. ఖరీదైన ప్రైవేటు ప్యాకేజీలకన్నా ముందు ఇక్కడికే వెళ్ళమని, వీలైతే భాగస్వామిని కూడా వెంట తీసుకువెళ్ళమని చెబుతాను.