డెక్సానా, ప్రెడ్నిసోలోనా, మెలాక్సికామా: మేత ముట్టని ఆవుకు ఏ సూది మేలు?

తాడిపత్రి దగ్గర మా చిన్నాయన పాకలో పోయిన ఎండాకాలం ఒక జెర్సీ ఆవుకు ఒళ్లు కాలిపోయే జ్వరం వచ్చి మేత మానేసింది. ఊళ్లో సూదులు వేసే ఆయన వచ్చి డెక్సా, అంటే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ సూది, వేశాడు. సాయంత్రానికి ఆవు వేరుశనగ కట్టె నమిలింది. అందరూ ఆయన హస్తవాసిని మెచ్చుకున్నారు. మరునాడు పూటకు ఆరు లీటర్లిచ్చే ఆవు నాలుగే ఇచ్చింది. జ్వరం పోయాక పాలెందుకు తగ్గాలని చిన్నాయనకు అనుమానం.

జవాబు ఆ సూదిలోనే ఉంది. ఆవు మూత్రపిండాల దగ్గర ఉండే అడ్రినల్ గ్రంథులు రోజూ కార్టిసాల్ అనే హార్మోనును తయారు చేస్తాయి. మెదడులోని హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథిని కదిలిస్తే, పిట్యూటరీ ఏసీటీహెచ్ అనే హార్మోనును పంపి అడ్రినల్‌ను పనిలో పెడుతుంది. రక్తంలో కార్టిసాల్ సరిపడా ఉంటే మెదడు ఆ పిలుపు ఆపేస్తుంది. బయటి నుంచి వచ్చిన స్టెరాయిడ్‌ను కూడా మెదడు కార్టిసాల్ లెక్కలోనే వేసుకుంటుంది. చెరువు నీళ్లు మడిలోకి వస్తుంటే బోరు మోటారు ఆపేస్తాం కదా, ఇదీ అంతే. ఒక్క సూదితో ఆగిన మోటారు కొద్ది రోజుల్లో మళ్లీ తిరుగుతుంది. రోజుల తరబడి సూదులు వేస్తూ పోతే గ్రంథి చిక్కిపోతుంది. అప్పుడు మందు ఒక్కసారిగా మానేస్తే, ఎండదెబ్బో మరో రోగమో తగిలినప్పుడు తట్టుకోవడానికి ఆవు దగ్గర సొంత కార్టిసాల్ చాలదు.

అందుకే స్టెరాయిడ్లను పోల్చేటప్పుడు నేను ముందు చూసేది మోటారు ఎన్నాళ్లు ఆగుతుందన్నదే. డెక్సామెథసోన్ బలం కార్టిసాల్ కంటే పాతిక రెట్లకు పైనే. ఒక్క మోతాదు సొంత హార్మోనును కొన్ని రోజులు అణచి ఉంచుతుంది. ప్రెడ్నిసోలోన్ బలం సుమారు 4 రెట్లు, దాని అణచివేత త్వరగా తీరుతుంది. కానీ పేరు ఒక్కటే చూస్తే మోసపోతాం. నీటిలో కరిగే డెక్సా ఫాస్ఫేట్ వేరు, కండలో నిలిచి మెల్లగా కరిగే రకాలు వేరు. ఆ రెండో రకం వేస్తే అణచివేత చాలా ఎక్కువ కాలం సాగుతుంది. సీసా మీది పూర్తి పేరు చదవకుండా సూది వేయించుకోవద్దు.

కదిలేది కార్టిసాల్ ఒక్కటే కాదు. చక్కెర పొదుగులోకి పోవడం తగ్గుతుంది, చిన్నాయన ఆవు పాలు తగ్గింది అందుకే. రక్తంలో చక్కెర, దాని వెంట ఇన్సులిన్ పెరుగుతాయి. థైరాయిడ్ హార్మోను కొంత తగ్గుతుంది. అండం విడుదలకు కావలసిన ఎల్‌హెచ్ అనే హార్మోను అణగితే ఎద చెదురుతుంది. టీకా వేసే రోజుల్లో స్టెరాయిడ్ పడితే టీకా బలం తగ్గవచ్చు.

చూడి ఆవు సంగతి వీటన్నిటికంటే పెద్దది. నెలలు నిండిన దూడ తన అడ్రినల్ నుంచి వదిలే కార్టిసాలే ఈనడానికి సైగ. దాంతో చూడిని నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోను తగ్గి, ఈస్ట్రోజన్ పెరిగి, నొప్పులు మొదలవుతాయి. చివరి నెలల్లో డెక్సా వేస్తే శరీరం దాన్నే ఆ సైగ అనుకోవచ్చు. ఆవు ఈసుకుపోతుంది, లేదా నెలలు నిండకుండానే ఈనుతుంది. మాయ పడకపోవడం మామూలు. వైద్యులు కావాలని ముందుగా ఈనించడానికి వాడేదీ ఈ గుణాన్నే. చూడి ఆవుకు జ్వరం తగ్గించడానికి మాత్రం డెక్సా వద్దనే నేనంటాను.

మరి మెలాక్సికామ్? ఇది స్టెరాయిడ్ కాదు, మెదడు–అడ్రినల్ మోటారు జోలికి పోదు. జ్వరం, నొప్పి, పొదుగువాపు మంట తగ్గించడానికి మొదట దీన్నే అడగమంటాను. దీనికీ ఒక మెలిక ఉంది. మన అనంతపురం ఎండల్లో నీళ్లు తాగక ఒళ్లు ఎండిపోయిన పశువుకు వేస్తే మూత్రపిండాలకు ముప్పు. ముందు నీళ్లు పట్టించాలి, అవసరమైతే సెలైన్ ఎక్కించాలి. ఇలాంటిదే మరో నొప్పి మందు డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడకుండా 2006లోనే నిషేధించారు. ఆ మందు పడిన కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని తేలింది. మెలాక్సికామ్‌తో ఆ గొడవా లేదు.

అలాగని డెక్సాను అటక మీద పెట్టమనడం లేదు. ఈనిన కొద్ది వారాలకు పాడి ఎక్కువైన ఆవుకు కీటోసిస్ అనే జబ్బు వస్తే రక్తంలో చక్కెర పడిపోతుంది. అప్పుడు గ్లూకోజ్ ఎక్కించి, ఒంట్లో చక్కెరగా మారే ప్రొపిలీన్ గ్లైకాల్ తాగిస్తూ, వైద్యుడు ఒక డెక్సా సూది వేస్తే అర్థముంది. చిన్నాయనకు నష్టమనిపించిన ఆ పాల తగ్గుదలే ఇక్కడ మేలు. చక్కెర పొదుగులోకి పోవడం తగ్గి రక్తంలో నిలుస్తుంది. మెలాక్సికామ్ ఈ పని చేయలేదు. తీవ్రమైన అలర్జీ వాపుల్లోనూ స్టెరాయిడ్‌కే పేరు. ఏ మందైనా, పాలు ఎన్ని రోజులు అమ్మకూడదో సీసా మీద చూసుకోవాలి.

చిన్నాయన ఆవు పాలు నాలుగైదు రోజుల్లో మామూలుకు వచ్చాయి. పక్క గుంజకు కట్టిన రెండో ఆవు అప్పటికి ఏడో నెల చూడి. దానికి జ్వరం వచ్చి ఉంటే అదే సూది పడేది. ఇప్పుడు ఆయన ఏ ఆవు ఎప్పుడు చూడి కట్టిందో గుంజ మీద సుద్దతో రాసి పెడుతున్నాడు. పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేస్తే వచ్చే డాక్టరుకు ముందు ఆ తేదీనే చూపిస్తాడు.