హంట్స్‌విల్‌లో మూడు రోజులు, ఒక శాకాహారి కంచం

అట్లాంటా ఉత్తర శివారులో ఉంటున్న మేము, తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని జూలైలో అలబామా రాష్ట్రంలోని హంట్స్‌విల్‌కు మూడు రోజుల ప్రయాణం పెట్టుకున్నాము. నాన్నగారు పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు. మనుషులను చంద్రుడి మీదికి పంపిన శాటర్న్ 5 రాకెట్‌ను కళ్లారా చూడాలన్నది ఆయన చిరకాలపు కోరిక. అమ్మ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాన్నగారి కోరికను ఆ ఊరు నిండుగా తీర్చింది. అమ్మ భోజనం విషయంలో మాత్రం మేము చాలా తిరగవలసి వచ్చింది, పెద్దవాళ్లతో అటు వెళ్లేవారికి పనికొస్తుందని ఆ సంగతే ఎక్కువగా రాస్తున్నాను.

కారులో దాదాపు నాలుగు గంటల దారి. రాష్ట్ర సరిహద్దు దాటగానే గడియారం ఒక గంట వెనక్కి వెళుతుంది కనుక పొద్దున్నే బయలుదేరితే ఆ రోజంతా చేతిలో ఉంటుంది. ఆ ఊళ్లోని రాకెట్ కేంద్రం అనే అంతరిక్ష ప్రదర్శనశాలలో 363 అడుగుల శాటర్న్ 5ను పెద్ద హాలులో పడుకోబెట్టి, మనం దాని కిందుగా నడిచేలా ఎత్తులో నిలిపారు. మొదటి దశలోని అయిదు ఇంజన్ల ముందు నాన్నగారు చాలాసేపు మాట్లాడకుండా నిలబడిపోయారు. 1959లో అంతరిక్షానికి వెళ్లి ప్రాణాలతో తిరిగి వచ్చిన మిస్ బేకర్ అనే చిన్న కోతి సమాధి కూడా ఆ ఆవరణలోనే ఉంది. దాని మీద సందర్శకులు పెట్టి వెళ్లిన అరటిపండ్లను చూసి అమ్మ కూడా తన సంచిలోని పండు తీసి అక్కడ పెట్టింది. ఈ కేంద్రానికి ఒక పూట చాలదు, రోజంతా కేటాయించుకోవాలి.

బస విషయంలో మేము తీసుకున్న ఒక నిర్ణయం మమ్మల్ని కాపాడింది. పొయ్యి, ఫ్రిజ్, గిన్నెలు ఉన్న హోటల్ గదిని ఎంచుకున్నాము. ఉచిత అల్పాహారంలో మాంసం కలిపిన గ్రేవీ, గుడ్లు, వాఫిల్స్ ఉండేవి, అమ్మకు అందులో పాలు, అరటిపండు మాత్రమే పనికొచ్చాయి. గది శుభ్రంగా ఉంది, సిబ్బంది మర్యాదగా ఉన్నారు. ఊరికి ఆనుకుని ఉన్న మాంటే సానో కొండ మీద 1930లలో కట్టిన రాతి కాటేజీలను బయటినుంచి చూశాము. ఆ చెట్ల నీడ, చల్లదనం చూశాక వచ్చేసారి ముందుగానే బుక్ చేసుకుని అక్కడే దిగాలనిపించింది. సొంత కారు లేకుండా మాత్రం ఈ ఊరు తిరగడం కష్టం.

ఇక భోజనం. 2020 జనాభా లెక్కల ప్రకారం సుమారు 2 లక్షల 15 వేల మంది ఉన్న ఊరు ఇది. 1950లో జర్మన్ రాకెట్ ఇంజనీర్లు వచ్చి స్థిరపడినప్పటి నుంచి ప్రపంచం నలుమూలల వాళ్లూ ఇక్కడికి వస్తూనే ఉన్నారు, మనవాళ్లూ తక్కువేమీ లేరు. అంత చదువు, అంత సంపద ఉన్న ఊళ్లో ప్రధాన రహదారి పొడవునా మాకు కనిపించినవి ఎక్కువగా అమెరికాలో ఏ ఊరికి వెళ్లినా కనిపించే చైన్ రెస్టారెంట్లే. మొదటి రాత్రి ఒక భారతీయ రెస్టారెంటుకు వెళ్లాము. మెనూ పుస్తకమంత ఉంది కానీ, దోసెలు శనివారం, ఆదివారం మాత్రమే అన్నారు. తెప్పించుకున్న మూడు కూరల్లోనూ ఒకే గ్రేవీ, పేర్లు మాత్రమే వేరు. నాన్నగారు బిర్యానీ బాగుందన్నారు, అమ్మ పెరుగన్నంతో సరిపెట్టుకుంది.

రెండో రోజు మధ్యాహ్నం స్థానిక వంట రుచి చూద్దామని, ఒక మాంసం, మూడు కూరలు ఎంచుకునే పద్ధతిలో నడిచే ఒక పాత భోజనశాలకు వెళ్లాము. ఇలాంటి చోట్లు చాలావరకు మధ్యాహ్నంతోనే మూసేస్తారు, రెండు దాటితే కుర్చీలు బల్లలెక్కుతాయి. గోడ మీది పలక చదువుతుంటే అమ్మ ముఖం వెలిగిపోయింది. బెండకాయ వేపుడు, అలసందలు, ఆకుకూర, చిలగడదుంప, టమాటా ముక్కలు: అన్నీ మన ఇంటి పేర్లే. వడ్డించే ఆమె మాత్రం అమ్మ మాంసం తినదని వినగానే పెన్ను పక్కన పెట్టి, దాచకుండా చెప్పింది. ఆకుకూరనూ అలసందలనూ పంది మాంసం ముక్క వేసే ఉడికిస్తారట. బెండకాయకు మొక్కజొన్న పిండి పట్టించి, చేపలు వేయించిన నూనెలోనే వేయిస్తారట. రొట్టెలో గుడ్డు ఉంది. చివరికి అమ్మ ముందుకు వచ్చినవి వెన్న రాసిన ఒక చిలగడదుంప, నాలుగు టమాటా ముక్కలు. పక్కనున్న డికేటర్ పట్టణంలో 1925 నుంచి ప్రసిద్ధికెక్కిన తెల్ల సాస్‌తో నాన్నగారు అక్కడే కోడిమాంసం తిన్నారు, వెనిగర్ పులుపూ మిరియాల ఘాటూ ఆయనకు బాగా నచ్చాయి.

ఆ వంటను నేను తక్కువ చేయడం లేదు. బెండకాయ, అలసంద ఆఫ్రికా నుంచి బానిసల ఓడలతో పాటు ఈ నేలకు చేరాయి. మంచి మాంసం దక్కని బానిసలు, పేద రైతులు చిన్న కొవ్వు ముక్కతో కుండెడు కూరకు రుచి తెచ్చుకున్నారు. ఆ పద్ధతి వెనుక అంత కష్టం ఉంది. అయితే రోజూ వండే అలసందల్లో ఒక గిన్నెడు మాంసం వేయకుండా విడిగా ఉడికించి, ఏ కూరలో ఏముందో పలక మీద రాసి, వారంలో రెండు రాత్రులైనా తలుపులు తెరిచి ఉంచే భోజనశాల ఒక్కటి ఈ ఊళ్లో ఉంటే, అది శాకాహారులకే కాదు, ముస్లింలకూ యూదులకూ, వైద్యులు కొవ్వు వద్దన్న స్థానిక వృద్ధులకూ ఉపయోగపడుతుంది. మరో బిర్యానీ హోటల్ కంటే నేను కోరుకునేది అదే. బిర్యానీ మాకు అట్లాంటాలో కావలసినంత దొరుకుతుంది. అలబామా పొలంలో పండిన కూర అలబామాలోనే తినాలి కదా.

అప్పటికి మాకు ఊరట ఇచ్చింది రోడ్డు పక్క బండి. ఉప్పునీళ్లలో ఉడికించిన పచ్చి వేరుశనగకాయలను వేడివేడిగా సంచిలో పోసి ఇచ్చారు. కారు ఆపుకుని అందరం ఒలుచుకు తిన్నాము, కాయలోని ఉప్పునీరు చేతి మీదుగా మోచేతి దాకా కారింది. తెనాలిలో తొలకరి రోజుల్లో తిన్నట్టే ఉందన్నారు నాన్నగారు.

మూడో రోజు పొద్దున రైతుబజారుకు వెళ్లాము. ఒక నల్లజాతి పెద్దావిడ దగ్గర అమ్మ అలవాటుగా బెండకాయ కొన విరిచి చూసింది. నేను క్షమాపణ చెప్పబోతుండగా ఆవిడ నవ్వి, తానూ మరో కాయ కొన విరిచి, టప్పున తెగిన శబ్దం వినిపించింది. ఎలా వండుతారని అడిగితే అమ్మ ఉల్లిపాయ, ఎండుమిర్చి అని చెప్పింది, నేను ఇంగ్లీషులో చెప్పాను. తమ ఇంట్లో వేసవిలో ఉల్లిపాయ, టమాటా, లేత మొక్కజొన్న గింజలతో కలిపి మగ్గిస్తామని ఆవిడ చెప్పింది. అందులో పంది మాంసం వేయరా అని నేను అడిగాను. కూరగాయ తాజాగా ఉన్నప్పుడు దానితో పనేముంది, అంది ఆవిడ.

రెండు పౌండ్ల బెండకాయలు, ఒలిచిన పచ్చి అలసందలు, టమాటాలు, మొక్కజొన్న కంకులు కొనుక్కుని గదికి వచ్చాము. ఆవిడ చెప్పినట్టే కూర వండి, అలసందలను ఉప్పు వేసి ఉడికించి పోపు పెట్టింది అమ్మ. హంట్స్‌విల్‌లో ఆమె కడుపునిండా తిన్న మొదటి భోజనం అది. తినేసి, గిన్నెలు కడిగి, గది ఖాళీ చేసి బయలుదేరాము.