భీమవరం చుట్టుపక్కల ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పవర్ సప్లై) కొనేవాళ్ళు జాగ్రత్త, స్టిక్కర్ మీద స్టిక్కర్ వేసి అమ్ముతున్నారు

కోపంలో టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. షాపు పేరు రాయను, ఇక్కడ పీసీ అసెంబుల్ చేయించుకున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. రైజెన్ 5 5600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, వాటికి 550 వాట్స్, 80 ప్లస్ బ్రాంజ్ రేటింగ్ ఉన్న ఎస్‌ఎంపీఎస్ అని డబ్బులు కట్టించుకున్నాడు. "ఆయ్, కళ్ళు మూసుకుని వాడుకోండి" అన్నాడు. మూసుకున్నాం కదా మరి.

నిన్న రాత్రి గేమ్ ఆడుతుంటే టప్పుమని శబ్దం, గదంతా మాడు వాసన, అంతే. పీసీ విప్పితే ఎస్‌ఎంపీఎస్ మీద కంపెనీ స్టిక్కర్ ఓ మూల లేచి ఉంది, కింద ఇంకో స్టిక్కర్! ఊరూపేరూ లేని మాలు, పెద్దక్షరాల్లో 450 వాట్స్, చిన్నక్షరాల్లో 12 ఓల్టుల లైన్‌కి (కార్డుకీ, ప్రాసెసర్‌కీ కరెంటు వెళ్ళేది దీన్నుంచే) 16 ఆంప్స్. 12 ఇంటూ 16 అంటే 192 వాట్స్. 3060 కార్డు ఒక్కటే 170 దాకా లాగుద్ది, దాన్ని తయారుచేసిన ఎన్‌విడియా వాడే 550 వాట్స్ ఎస్‌ఎంపీఎస్ పెట్టుకోమంటాడు. ఇంక ప్రాసెసర్ గాలి పీల్చి బతకాలి కాబోలు.

పొద్దున్నే తీసుకెళ్ళి కౌంటర్ మీద పెట్టా. "ఇలా ఇవ్వు తమ్ముడూ" అని తీసుకుని, బొటనవేలి గోరుతో ఆ పై స్టిక్కర్‌ని తాపీగా నా కళ్ళముందే మొత్తం ఒలిచేసి, ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేసి, "ఏదీ, మేం అమ్మిన కంపెనీది ఎక్కడుంది ఇందులో?" అన్నాడండీ. పక్కన కుర్రాడు నవ్వు ఆపుకుంటున్నాడు. బిల్లు తీస్తే అందులో "ఎస్‌ఎంపీఎస్ 1" అని తప్ప మోడలూ లేదు, సీరియల్ నంబరూ లేదు. నోట మాట రాలేదు నాకు. పైగా "మీ ఊళ్ళో రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరేటర్ మోటార్లకి ఓల్టేజి పడిపోద్ది, దానికి నన్నంటే ఎలా" అని క్లాసు. ఓల్టేజి పడితే పేలడమేంటి, మంచివి చాలావరకు 100 నుంచి 240 ఓల్టుల దాకా నడుస్తాయి, లోడ్ ఎక్కువైతే వాటంతటవే ఆగిపోతాయి. వీడిచ్చింది చేత్తో పట్టుకుంటే ఖాళీ క్యారేజీలా తేలిపోతోంది.

మదర్‌బోర్డు పోయింది. కార్డు సంగతి ఇంకా తెలీదు, ఫ్రెండ్ పీసీలో పెట్టి చూడాలి. నయం, విప్పేటప్పుడు మా చెల్లి వీడియో తీసింది, రెండు స్టిక్కర్లూ పడ్డాయి. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి చేస్తున్నా.

కొనేవాళ్ళు సీల్ ఉన్న డబ్బా మీ ముందే తెరిపించుకోండి, బిల్లులో మోడల్, సీరియల్ నంబర్ రాయించుకోండి. పైన వాట్స్ కాదు, 12 ఓల్టుల ఆంప్స్ చూడండి. 80 ప్లస్ అంటే కరెంటు ఎంత వేస్టవ్వకుండా వాడుద్దో చెప్పేదే, అదొక్కటి చూసి ఆగిపోకండి. ఆ షాపులో ఇప్పటికే కొన్నవాళ్ళు ప్లగ్ తీసి స్టిక్కర్ అంచులు చూసుకోండి, ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పకండి, లోపల కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది. డబుల్ స్టిక్కర్ కనబడితే పీకేయకండి, ఫోటో తీసి నాకు మెసేజ్ పెట్టండి, కంప్లైంట్‌లో కలిపేద్దాం.