గని పుల్లీ గాడి అరిగితే ఏది మేలు: చెక్కించడమా, లైనరా, నైలాన్ పుల్లీనా?

విశాఖ నగరంలో లోతు గనులు లేవు. కానీ ఓడరేవు, షిప్‌యార్డు, ఉక్కు ఫ్యాక్టరీ ఉండబట్టి వైర్‌రోపుతో, పుల్లీలతో పని తెలిసినవాళ్లకు గాజువాక, మల్కాపురం వైపు కొదవలేదు. వాళ్లలో గని మెయింటెనెన్స్‌కు వెళ్లే కుర్రాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. క్రేన్ పుల్లీ అరిగితే విప్పి కొత్తది బిగిస్తాం. గనిలో హెడ్‌గేర్ (గని బావిపైన కట్టిన టవర్) మీదుండే పెద్ద పుల్లీని దించాలంటే బావి పనంతా ఆపాలి. పైగా ఆ తాడుకు వేలాడేది మనుషులున్న కేజ్, అంటే లిఫ్టులాంటి పెట్టె.

ముందు గాడి సంగతి తేల్చుకోవాలి. గాడిలో గేజ్ (గాడి కొలత చూసే గుండ్రటి అంచు రేకు) పెట్టి వెనక నుంచి టార్చ్ వేయండి. అడుగున వెలుతురు కనిపిస్తే గాడి ఇరుకైంది, తాడును నొక్కేస్తుంది. పక్కల్లో కనిపిస్తే వెడల్పయింది, తాడుకు ఆనుడు చాలదు. కొత్త గాడి తాడు వ్యాసం కంటే సుమారు 6 నుంచి 10 శాతం పెద్దగా ఉండాలి. తర్వాత గాడి వెంబడి గోరుతో గీసి చూడండి. గోరు టకటకా తగులుతుంటే పాత తాడు అచ్చు పడిందన్నమాట. అందులో కొత్త తాడు వేస్తే ఆ గట్లే దాన్ని కోసేస్తాయి. లక్షలు పోసి కొన్న తాడు తొందరగా పాడవడానికి ఇదో పెద్ద కారణం.

ఇక చెక్కించడం, అంటే అరిగిన గాడిని మిషన్ మీద కోయించి సరైన ఆకారానికి తేవడం. రిమ్ (గాడి ఉండే పుల్లీ అంచు) మందం సరిపడా ఉంటే ఇది మంచి దారే, ఖర్చూ తక్కువ. అయితే గాడి పైపొరను వేడితో గట్టిపరిచిన పుల్లీలుంటాయి. చెక్కితే ఆ పొర పోతుంది, కింది మెత్తటి ఉక్కు త్వరగా అరుగుతుంది. నాలుగు తాళ్ల ఫ్రిక్షన్ వైండర్ (తాళ్లను చుట్టుకోకుండా రాపిడి పట్టుతోనే కేజ్‌ను లాగే యంత్రం) అయితే గాడులన్నీ ఒకే వ్యాసానికి రావాలి. ఒక్కటి తేడా వచ్చినా భారమంతా ఒకటి రెండు తాళ్ల మీదే పడుతుంది. వెల్డింగ్‌తో నింపి చెక్కిద్దాం అనేవాళ్లు మాత్రం తప్పకుండా తగులుతారు. తయారీదారు రాసిచ్చిన పద్ధతి లేకుండా దానికి ఒప్పుకోవద్దు. వెల్డింగ్ వేడికి పక్కనున్న లోహం పెళుసెక్కి, కంటికి కనిపించని పగుళ్లు మొదలవుతాయి.

లైనర్ సంగతి వేరు. గాడిలో ముక్కలు ముక్కలుగా బిగించే పొర కాబట్టి పుల్లీని దించకుండానే మార్చుకోవచ్చు. అరిగేది లైనరే, రిమ్ క్షేమం. గనికైతే నా ఓటు దీనికే. బోల్టులు, బిగింపు ముక్కలు వదులయ్యాయేమో మాత్రం తరచూ చూసుకోవాలి.

పూర్తి నైలాన్ పుల్లీ తేలిక. వైండర్ ఆగినప్పుడు బరువైన ఉక్కు పుల్లీ ఊపుతో ఇంకా తిరుగుతూ తాడును రాపాడిస్తుంది. నైలాన్‌తో ఆ బాధ తక్కువ. కానీ నైలాన్ మీద తాడు పైతీగలు బాగానే కనిపిస్తుంటే లోపలి తీగలు తెగుతుండొచ్చు. క్రేన్ తాళ్లకు వర్తించే ఐఎస్‌ఓ 4309 ప్రమాణం కూడా ఈ హెచ్చరిక చేస్తుంది. గుడ్డతో తుడిచి, తెగిన తీగలు లెక్కపెట్టే మన అలవాటు అక్కడ చాలదు, తాడు లోపల తెగిన తీగలను పట్టే అయస్కాంత పరీక్ష చేయించాలి. ప్లాస్టిక్ లైనర్‌కూ ఈ జాగ్రత్త కొంత అవసరమే. ఆ పరీక్షకు ఏర్పాటు లేని చోట మనుషులెక్కే కేజ్‌కు నైలాన్ పుల్లీ వద్దనే చెబుతాను.

గాడి ఒకపక్కే అరిగిందా? అప్పుడు ఈ మూడింటిలో ఏదీ చేయొద్దు, ముందు అలైన్‌మెంట్ చూడండి. డ్రమ్ (వైండర్‌లో తాడు చుట్టుకునే పెద్ద చక్రం) చివరి చుట్టు నుంచి పుల్లీకి వచ్చే తాడు కోణం గాడుల్లేని డ్రమ్‌కు ఒకటిన్నర డిగ్రీలు, గాడులున్న డ్రమ్‌కు 2 డిగ్రీలు దాటకూడదు. బేరింగ్ వదులైనా పుల్లీ ఒరుగుతుంది. ఇరుసుకు అల్ట్రాసోనిక్ పరీక్ష కూడా అప్పుడే చేయించండి. హబ్ (ఇరుసు దూరే పుల్లీ నడిమి భాగం) లోపలున్న భాగంలో పగులుంటే పైనుంచి ఎంత చూసినా తెలియదు.