ఇంట్లో ఓపెన్, బస్సులో క్లోజ్డ్: ప్లానర్ హెడ్‌ఫోన్ల పోలిక

ప్లానర్ మాగ్నెటిక్ హెడ్‌ఫోన్‌లో సన్నని పొర మీదే కరెంటు పారే వాహకపు గీతలు పరిచి, దాన్ని అయస్కాంతాల దగ్గర బిగిస్తారు కనుక పొర అంతా దాదాపు ఒకేసారి కదులుతుంది. చెవి మీద కూర్చునే కప్పు వెనుక జాలీ ఉంటే ఓపెన్ బ్యాక్, మూత ఉంటే క్లోజ్డ్ బ్యాక్.

నల్లగొండలో మా వీధి సద్దుమణిగాక ఓపెన్ రకంలో కచేరీ వింటే తంబూర శ్రుతి తల చుట్టూ పరుచుకుంటుంది. మృదంగంలో కుడి తల దెబ్బ, ఎడమ తల గుంకారం వేటికవి విడిగా, ఒకదాన్నొకటి మింగకుండా వినిపిస్తాయి. అయితే ఆ కచేరీ పక్కన కూర్చున్నవారికీ వినిపిస్తుంది, వేసవిలో ఫ్యాన్ హోరు మనకూ వినిపిస్తుంది.

హైదరాబాద్ వెళ్ళే ఆర్టీసీ బస్సులో ఓపెన్ రకంతో పనే లేదు. క్లోజ్డ్ రకం హారన్లను, మాటలను కొంత తగ్గిస్తుంది గానీ, ఇంజను మంద్రధ్వనిని పెద్దగా ఆపలేదు. అది నాయిస్ క్యాన్సలింగ్, అంటే బయటి శబ్దాన్ని ఎదురు శబ్దంతో రద్దు చేసే ఏర్పాటు, చేసే పని. పైగా కళ్ళద్దాల కాడ వల్ల కుషన్ కింద సందు ఏర్పడితే బాస్ పలచబడుతుంది. బరువూ తక్కువేమీ కాదు: హైఫైమ్యాన్ కంపెనీ ‘సుందర’ అనే ఓపెన్ మోడలే 372 గ్రాములు. రెండింటిలో దేనికైనా ఫోన్‌తో పాటు చిన్న డాంగిల్ ఆంప్లిఫయర్ (ఫోన్‌కు తగిలించి ధ్వని బలం పెంచే పరికరం) ఉంటే మంచిది.

ఒక్కటే కొనేవారికి నేను ఓపెన్ రకమే చెబుతాను. బస్సుకు మామూలు ఇయర్‌ఫోన్లు చాలు.