మెట్ల కింద ఇన్వర్టర్ ఉన్న ఇంటికి స్మోక్ అలారం

మా ఇల్లు విజయనగరంలో, దాసన్నపేట వైపు. కింద అత్తయ్యగారు, మావయ్యగారు ఉంటారు. పైన మేమూ, ఇద్దరు పిల్లలూ. మెట్ల కింద ఇన్వర్టర్ ఉంది, దాని పక్కనే మా ఆయన ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జింగ్ ప్లగ్గు. రాత్రిపూట అక్కడ ఏదైనా కాలితే పొగ మెట్ల మీదుగా నేరుగా పిల్లల గదిలోకే వస్తుంది. అందుకే బ్యాటరీతో నడిచే స్మోక్ అలారాలు పెట్టించాం. ఏడాది దాటింది. నాకు బాగా నచ్చాయి, ఒక్క లోటు తప్ప.

కొనేటప్పుడే జాగ్రత్త పడాలి. టౌన్‌లో ఒక షాపులో స్మోక్ డిటెక్టర్ అడిగితే గుండ్రటి తెల్ల డబ్బా ఒకటి తీసి, "ఇళ్లకీ ఇదేనమ్మా, అందరూ ఇదే పట్టుకెళ్తన్నారు" అన్నాడు. వెనక్కి తిప్పి చూశాను. బ్యాటరీ పెట్టే చోటు లేదు. వైర్లు బిగించే స్క్రూలున్నాయి, 24 వోల్టులు అని రాసి ఉంది. అది లాడ్జీల్లో, ఆసుపత్రుల్లో ఫైర్ అలారం పానెల్‌కి, అంటే డిటెక్టర్లన్నింటినీ వైర్లతో కలిపే పెట్టెకి, బిగించే రకం. పానెల్ లేని ఇంట్లో అది ఉత్త ప్లాస్టిక్ డబ్బా, పొగ వచ్చినా మోగదు. అక్కడే వదిలేసి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాం. మీరు కొనేటప్పుడు "బ్యాటరీతో దానంతటదే మోగుతుందా?" అని అడగండి. డబ్బా మీద ఈఎన్ 14604 గానీ యూఎల్ 217 గానీ ఉందేమో చూడండి. ఇళ్లలో వాడే అలారాలకి వర్తించే ప్రమాణాలు అవి.

మేం తీసుకున్నది ఫొటోఎలక్ట్రిక్ రకం. లోపల చిన్న చీకటి గది ఉంటుంది. అందులో ఒక లైటు, దాని వెలుగు నేరుగా పడకుండా పక్కకి ఒక సెన్సర్. పొగ లోపలికొస్తే వెలుగు చెదిరి సెన్సర్ మీద పడుతుంది, అలారం మోగుతుంది. వైరు తొడుగు, పరుపు లాంటివి మంట లేకుండా కమురుతూ చాలాసేపు పొగ వదులుతాయి. అలాంటి పొగని ఈ రకం త్వరగా పట్టేస్తుంది. అయనైజేషన్ అని ఇంకో రకం ఉంది, అది భగ్గున లేచే మంటని ముందు పడుతుంది కానీ, వంట పొగకి ఊరికే మోగుతుందని పేరు.

బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ గది మధ్యలో, ఫ్యాన్ పక్కనే పెట్టేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఫ్యాన్ గాలి పొగని అలారం దాకా చేరనివ్వదు. రెక్క చివరి నుంచి కనీసం మూడడుగులు, గోడ నుంచి నాలుగంగుళాలు దూరం ఉండాలి. మా పడకగది 10 బై 12. ఫ్యాన్ 48 అంగుళాలది కాబట్టి రెక్క చివరి నుంచి తలుపు వైపు గోడకి నాలుగడుగులు మిగిలింది. గోడకి అడుగు దూరంలో సీలింగ్‌కి బిగించాం. పడకగదులన్నింటిలో ఒక్కొక్కటి, కింద హాల్లో మెట్ల దగ్గర ఒకటి, పైన మెట్లెక్కగానే ఒకటి. వంటింట్లో పెట్టలేదు. పొయ్యికి పదడుగుల లోపల పెడితే ఎండుమిర్చి తాలింపు వేసినప్పుడల్లా మోగుతుంది, ఆ గోల భరించలేక ఎవరో ఒకరు బ్యాటరీ పీకేస్తారు. వంటింటికి వేడిని బట్టి మోగే హీట్ అలారం వేరే దొరుకుతుంది. దేవుడి గది ముందు కూడా వద్దు. అత్తయ్యగారు శుక్రవారం సాంబ్రాణి వేస్తారు, దానికి దూరంగా పెట్టాం కాబట్టి ఇంతవరకు ఇబ్బంది రాలేదు. ఇంకో మాట: గ్యాస్ లీకైతే ఈ అలారం మోగదు. దానికి 1906కి ఫోన్ చేయాలి, నిప్పంటుకుంటే 101 గానీ 112 గానీ.

ప్రతి నెలా ఒకటో తారీఖున, మావయ్యగారికి పెన్షన్ పడే రోజున, అన్నింటి బటన్లూ నొక్కి చూస్తాను. అలా చూస్తుంటేనే అసలు లోటు బయటపడింది. మోత గట్టిదే, మూడు మీటర్ల దూరంలో 85 డెసిబెల్స్. కానీ కింద హాల్లోది మోగితే, తలుపేసుకుని ఏసీ వేసుకున్న మా పై గదిలోకి సన్నగా వినిపిస్తుంది. మావయ్యగారికైతే తన గదిలోదే సరిగా వినపడదు. పెద్దవయసులో ముందు తగ్గేది ఆ సన్నటి కీచు శబ్దాలు వినడమే. పిల్లలు కూడా గాఢ నిద్రలో ఉంటే ఈ మోతకి లేవకపోవచ్చు. అందుకని అలారం మోగితే అత్తయ్యగారు మావయ్యగారిని లేపాలి, నేను పిల్లల్ని లేపాలి, మా ఆయన కింది గేటు తాళం తీయాలి అని అనుకుని పెట్టుకున్నాం. తాళం చెవి తలుపు పక్క మేకుకే ఉంటుంది. ఒకటి మోగితే ఇంట్లోవన్నీ మోగేలా వైర్‌లెస్‌తో కలిసే రకం వస్తోంది. రెండంతస్తుల ఇంటికి ధర ఎక్కువైనా అదే కొనమంటాను.

శుభ్రం చేయడం పెద్ద పని కాదు. కాకపోతే మనవైపు తేమ, పురుగు ఎక్కువ. చిన్న సాలీడు లోపల దూరినా వెలుగు చెదిరి అలారం మోగుతుంది. బూజు దులిపేటప్పుడే మెత్తటి బ్రష్‌తో చుట్టూ ఉన్న సందులు తుడుస్తాను. సంక్రాంతికి సున్నాలు వేయించినప్పుడు ప్లాస్టిక్ కవర్లు తొడిగించి, పనివాళ్లు వెళ్లగానే తీసేశాను. దాని మీద రంగు పడకూడదు. 9 వోల్టుల బ్యాటరీ ఏప్రిల్ 14న మొదలయ్యే అగ్నిమాపక వారోత్సవాల్లో మారుస్తాను, ఆ వారమైతే గుర్తుంటుంది. బ్యాటరీ అయిపోవస్తే నిమిషానికోసారి కిచ్‌మంటుంది, అదీ ఎక్కువగా చలికి తెల్లవారుజామున. బ్యాటరీ మార్చినా అలారం పదేళ్లకి మించి ఉంచకూడదు. లోపలి సెన్సర్ పాతబడిపోతుంది. తయారైన తేదీ డబ్బా వెనక ఉంటుంది, బిగించాక కనపడదు కాబట్టి మార్కర్‌తో పక్కన రాసి పెట్టాను.

చీపురుపల్లి దగ్గర మా పుట్టింటికి కూడా కొందామనుకున్నాను. అక్కడ వెనక గది రేకులది. మా అలారంతో వచ్చిన కాగితంలో 40 డిగ్రీల వరకే అని ఉంది, మే నెలలో రేకుల కింద అంతకంటే ఎక్కువే ఉంటుంది. అందుకని అమ్మానాన్నలు పడుకునే స్లాబు గదికి, దాని బయట వరండాకి మాత్రం ఆర్డర్ పెట్టాను. ఈసారి ఒకదానితో ఒకటి కలిసి మోగే రకమే.